రాంచర్ల గడ్డి - మన మంచినీళ్ళు

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు బడి ఎలాంటిదని అడుగుతారు. ఆఫీసు ఎంత దూరమని అడుగుతారు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయని తప్పకుండా అడుగుతారు. కుళాయిలో వచ్చే నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయని అడిగినవాళ్ళు మాత్రం మాకు ఇంతవరకు తారసపడలేదు. తిప్పగానే నీళ్ళొచ్చే దేశంలో ఆ ప్రశ్న తోచకపోవడం సహజమే. కాని టెక్సాస్‌లో కాపురముంటున్న మనం ఆ ప్రశ్న వేసుకోవలసిందే. దానికి జవాబు నగరంలో దొరకదు. ఊరు దాటి గంటో రెండు గంటలో కారులో పోతే, ముళ్ళకంచెల వెనక, పశువులు మేసే గడ్డిలో దొరుకుతుంది. ఈ నెల మన పాఠకులకి ఆ గడ్డి కథ చెప్పదలచుకున్నాము.

ముందు శాన్ ఆంటోనియో సంగతి చూడండి. ఆ నగరం తాగే నీటిలో పెద్ద వాటా ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే భూగర్భ జలాశయానిది. పేరు పెద్దదే కాని విషయం తేలిక. నగరానికి ఉత్తరానా పడమరా సున్నపురాతి కొండలున్నాయి. ఆ ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. ఆ రాతి నిండా పగుళ్ళు, బొరియలు, గుహలు. కొండల మీద పడ్డ వాన వాగుల్లో చేరుతుంది. ఆ వాగులు రాయి బాగా పగిలిన మేర దాటేటప్పుడు అడుగునుంచి నీరు నేలలోకి దిగిపోతుంది. నిండుగా వస్తున్న వాగు సన్నబడి, కొన్నిచోట్ల పూర్తిగా మాయమవుతుంది. అలా దిగిన నీరే తరవాత బావుల్లోంచి పైకి వచ్చి నగరాన్ని చేరుతుంది. ఆస్టిన్ వాళ్ళు తాగేది టెక్సాస్ కొలరాడో నది నీరు. అందులో కలిసే లానో, పెడెర్నాలిస్ నదులు కూడా ఈ కొండసీమ నీళ్ళే. డాలస్, హ్యూస్టన్ వాళ్ళకి రిజర్వాయర్ల నీరు ఎక్కువ. ఆ రిజర్వాయర్లు పూడిపోకుండా ఉండాలన్నా ఎగువ పొలాల మట్టి కొట్టుకుని రాకూడదు. ఏ ఊళ్ళో ఉన్నా మన నీళ్ళ మంచీచెడ్డా ఎవరో ఒక రాంచర్ తన నేలని ఎలా చూసుకుంటున్నాడన్న దాని మీద ఆధారపడి ఉంది.

ఆ నేల ఎవరిది? టెక్సాస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు వ్యక్తులది. పడమటి రాష్ట్రాల్లో ఉన్నంత ప్రభుత్వ భూమి ఇక్కడ లేదు. 1845లో అమెరికాలో కలిసినప్పుడు టెక్సాస్ తన ప్రభుత్వ భూముల్ని ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది. తరవాత వాటిని అమ్మేసింది, పంచేసింది. మన పల్లెల్లో చెరువూ, పశువుల బీడూ ఊరుమ్మడి అని మనకి తెలుసు. ఇక్కడ ఆ మాటకి అర్థమే లేదు. కనక ఒక వాగుని బాగుచెయ్యాలంటే మొదటి పని గేటు దగ్గర నిలబడి, "అయ్యా, లోపలికి రావచ్చునా?" అని అడగడం. ఈ పనిలో కష్టమైన భాగం కూడా అదే.

నేల ఎలా చెడింది

హిల్ కంట్రీలో ఇప్పుడు కనిపించే తెల్లటి రాళ్ళూ, ముదురాకుపచ్చ పొదలూ అనాదిగా ఉన్నవి కావు. గుట్టల నడుమ లోయల్లోనూ, చదును నేలల్లోనూ లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, స్విచ్ గ్రాస్ అనే ఎత్తైన గడ్డి జాతులుండేవి. బైసన్ మందలు వచ్చి మేసి వెళ్ళిపోయేవి. మళ్ళీ వచ్చేలోగా గడ్డికి కోలుకునే వ్యవధి దొరికేది. అప్పుడప్పుడు కార్చిచ్చు వచ్చి పొదల్ని కాల్చేసేది. గడ్డి మాత్రం వేళ్ళలోంచి తిరిగి చిగిర్చేది.

1874లో ఇల్లినాయ్‌లో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు ముళ్ళతీగకి పేటెంటు తీసుకున్నాడు. కొద్ది ఏళ్ళలోనే టెక్సాస్ అంతా కంచెలు వచ్చాయి. కంచె పడ్డాక మంద కదలడం ఆగింది. పశువులూ, గొర్రెలూ, మేకలూ ఏడాది పొడుగునా ఒకేచోట మేశాయి. పశువుకి ఇష్టమైన గడ్డి ముందు పోయింది, ఇష్టంలేనిది మిగిలింది. మంటల్ని ఆర్పేశారు. ఆ ఖాళీలో అక్కడివాళ్ళు సీడార్ అని పిలిచే ఆష్ జూనిపర్ పొద గుట్టలు దిగి చదునుల్లోకి పాకింది. పైగా 1950లలో ఏళ్ళ తరబడి సాగిన కరువు ఉన్న గడ్డిని కూడా ఊడ్చేసింది.

గడ్డి పోతే ఏమవుతుందో మన రాయలసీమ వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. గడ్డి దుబ్బు వాన చినుకు దెబ్బని తాను కాస్తుంది. పరుగెత్తే నీటిని అడ్డి నెమ్మదిపరుస్తుంది. దాని వేళ్ళు నేలలో లోతుగా దిగి, చచ్చిన వేరల్లా నీటికి ఒక దారి మిగులుస్తుంది. బోడినేల మీద పడ్డ వాన అట్టకట్టి, మట్టిని మోసుకుంటూ అరగంటలో వాగులో పడి పోతుంది. అప్పుడు వాగు ముందు వరదగా వస్తుంది, ఆపైన ఎండిపోతుంది. ఒడ్లు కోసుకుపోయి అడుగు లోతవుతుంది. అడుగు లోతైనకొద్దీ పక్క భూముల్లోని చెమ్మ కూడా వాగులోకి కారిపోయి, ఒడ్డున గడ్డి ఇంకా పలచబడుతుంది. ఏటేటా అది పెరిగే రోగమే తప్ప దానంతటది తగ్గేది కాదు.

ఒక కోడిమాంసం వ్యాపారి చేసిన పని

ఈ రోగానికి మందుందని చూపించినవారిలో అందరికీ తెలిసిన పేరు జె. డేవిడ్ బామ్‌బర్గర్. ఆయన పుట్టు రాంచర్ కాడు. ఇంటింటికీ తిరిగి వాక్యూమ్ క్లీనర్లు అమ్మి, తరవాత చర్చెస్ చికెన్ అనే వేయించిన కోడిమాంసం దుకాణాల సంస్థలో భాగస్వామిగా డబ్బు గడించినవాడు. 1969లో బ్లాంకో కౌంటీలో, జాన్సన్ సిటీకి దగ్గరలో, కావాలనే బాగా చెడిపోయిన నేలని వెతికి కొన్నాడు. తరవాత అది సుమారు 5,500 ఎకరాలైంది. గడ్డి లేదు, నీరు లేదు, ఎటు చూసినా సీడారే. ఏడు బావులు 500 అడుగుల లోతుకి తవ్విస్తే ఒక్కదానిలోనూ నీళ్ళు పడలేదని ఆయనే చెప్పుకునేవాడు.

ఆయన చేసింది మూడు పనులు. చదునుల్లో సీడార్ కొట్టించాడు. ఖాళీ అయిన చోట దేశవాళీ గడ్డి విత్తనం చల్లాడు. గడ్డి నిలదొక్కుకున్నాక కూడా పశువుల సంఖ్య తక్కువలోనే ఉంచి, ఒక్కొక్క భాగానికీ విశ్రాంతి ఇస్తూ మేపాడు. రెండు మూడేళ్ళకి కొండవాలులో ఒక చెమ్మ కనిపించింది. అది ఊట అయింది. ఆ తరవాత మరికొన్ని ఊటలు మేలుకున్నాయి. ఆ నీటిని తొట్లలో పట్టి రాంచ్‌లో ఇళ్ళకీ, పశువులకీ వాడుకునే స్థితి వచ్చింది. మొదట్లో లెక్కపెడితే 50కి లోపున్న పక్షిజాతులు తరవాత 200 దాటాయి. ఆ రాంచ్‌కి ఆయన సెలా అని పేరు పెట్టాడు. బైబిలు కీర్తనల్లో కనబడే ఈ మాటకి, ఆగి ఆలోచించు అనే అర్థం ఆయన చెప్పేవాడు. ఆ భూమిని ముక్కలు కాకుండా ఒక ధర్మసంస్థ కిందికి తెచ్చి, బడిపిల్లలకీ ఇతర రాంచర్లకీ చూపించే ఏర్పాటు చేశాడు.

పక్కవాళ్ళని ఒప్పించడానికి ఆయన దగ్గర ఉపన్యాసం కంటె మంచి సాధనం ఉండేది. గడ్డి ఉన్న మట్టి పెళ్ళ ఒకటి, సీడార్ కింది బోడిమట్టి ఒకటి పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా కృత్రిమంగా వాన కురిపించేవాడు. ఒకదాని కింద సీసాలో తేట నీరు దిగేది, రెండోదాని ముందు బురద కారేది. చూసినవాళ్ళు ఎవరి లెక్క వాళ్ళు వేసుకునేవారు.

సీడార్ ఒక్కటే దోషి కాదు

ఇంతవరకు విని, గొడ్డలి పుచ్చుకుని కనబడ్డ సీడార్‌నల్లా నరికితే నీళ్ళు వస్తాయనుకుంటే పొరపాటు. ఆ మాట టెక్సాస్‌లో చాలాకాలం ప్రచారంలో ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాడ్‌ఫర్డ్ విల్‌కాక్స్, సహపరిశోధకుడితో కలిసి, ఎడ్వర్డ్స్ పీఠభూమి నదుల దీర్ఘకాలపు లెక్కలు తీసి 2010లో ప్రచురించారు. పొదలు పెరిగినా, 1960కి ముందుతో పోలిస్తే ఆ నదుల్లో ఊటనీటి ప్రవాహం తగ్గలేదు, పెరిగింది. కారణం వాళ్ళు చెప్పింది ఇది: మితిమీరి మేపడం తగ్గాక నేల మీద ఏదో ఒక కప్పు వచ్చింది, నేల మళ్ళీ నీరు తాగడం నేర్చింది. అంటే చెట్టా గడ్డా అన్నదానికంటె ముందు, నేల బోడిగా ఉందా కప్పబడి ఉందా అన్నది చూడాలి. సీడార్ కొట్టి, గడ్డి వెయ్యకుండా మేకల్ని వదిలితే పరిస్థితి మొదటికంటె అధ్వాన్నమవుతుంది.

ఇంకో సంగతి. గోల్డెన్-చీక్డ్ వార్‌బ్లర్ అనే బంగారు చెంపల చిన్న పిట్ట ప్రపంచంలో టెక్సాస్‌లో తప్ప ఇంకెక్కడా గూడు కట్టదు. ఆ గూటికి దానికి ముసలి సీడార్ బెరడు పోగులే కావాలి. అంచేత లోయల్లో, నిట్రవాలుల్లో ఉన్న పాత సీడార్లని వదిలి, చదునుల్లోకి కొత్తగా పాకినవాటినే తియ్యాలని తెలిసినవాళ్ళు చెబుతారు. బామ్‌బర్గర్ కూడా అన్నింటినీ కొట్టించలేదు.

గేటు ఎందుకు తెరవరు

మందు తెలిసినా రాంచర్లు వెంటనే ఎందుకు ముందుకి రారు? సోమరితనం అనుకుంటే అన్యాయం. 1973లో అంతరించిపోయే జాతుల రక్షణ చట్టం వచ్చింది. మంచి చట్టమే. దానివల్ల బతికి బయటపడ్డ జాతులున్నాయి. కాని రాంచర్ వైపునుంచి చూడండి. తన నేల బాగుచేసుకుంటే అరుదైన పిట్ట వచ్చి వాలవచ్చు. వాలితే, ఇక ఆ చోట చెట్టు కొట్టడానికీ కంచె వెయ్యడానికీ ఎవరి అనుమతో కావాలేమో అని భయం. నేల చెడగొట్టుకున్నవాడికి ఏ బాధా లేదు, బాగుచేసుకున్నవాడికే కట్టడి. ఈ భయంతో మంచి నేలని ముందుగానే చదునుచేసిన సంఘటనలు దక్షిణాది అడవుల్లో జరిగాయి.

ఈ చిక్కుముడి విప్పడానికి 1995లో నార్త్ కరోలినాలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. దానికి సేఫ్ హార్బర్ ఒప్పందం అని పేరు. ఎర్రతురాయి వడ్రంగిపిట్ట కోసం అది మొదట అమలైంది. ఒప్పందం నాటికి నీ నేలలో ఎన్ని పిట్టలున్నాయో అంతవరకే నీ బాధ్యత. నువ్వు మంచిపని చేసినందువల్ల కొత్తగా వచ్చినవాటికి నీ మీద అదనపు భారం పడదు. మాట చిన్నదే, కాని గేట్లు తెరిపించింది.

అంతకుముందే, 1987లో, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వాళ్ళు పార్ట్‌నర్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇందులో బలవంతం లేదు. రాంచర్ ఇష్టపడితే వాళ్ళ జీవశాస్త్రజ్ఞుడు వచ్చి నేల చూస్తాడు. ఏం చెయ్యాలో ఇద్దరూ కూర్చుని నిర్ణయిస్తారు. ఖర్చులో కొంత ప్రభుత్వం పెడుతుంది. మామూలుగా కనీసం పదేళ్ళపాటు ఆ పనిని చెడగొట్టనని రాంచర్ మాట ఇస్తాడు. భూమి అతనిదే. అందరినీ లోపలికి రానివ్వాలన్న షరతు లేదు. వాగు ఒడ్డున కంచె వేసి, పశువులకి దూరంగా నీటితొట్టి పెట్టడం వంటి చిన్న పనులే ఎక్కువ. పశువు ఎండవేళ వాగులోనే నిలబడకపోతే ఒడ్డు దానంతటది గడ్డి కడుతుందని అనుభవం. 1935లో దుమ్ము తుఫానుల కాలంలో పుట్టిన భూసంరక్షణ శాఖ, 1994 నుంచి ఎన్.ఆర్.సి.ఎస్. అనే పేరుతో, ఇలాంటి సాయమే వ్యవసాయ శాఖ తరఫున చేస్తూ ఉంది.

ఇరుగుపొరుగులు చేతులు కలిపితే

ఒక్కడి నేల బాగుపడితే వాగు బాగుపడదు. వాగు పది గేట్లు దాటి వస్తుంది. పదిమందీ కలిసిన ఉదాహరణ కావాలంటే టెక్సాస్ విడిచి పడమరగా అరిజోనా, న్యూ మెక్సికో, మెక్సికో సరిహద్దులు కలిసే మూలకి వెళ్ళాలి. అక్కడ సుమారు 8 లక్షల ఎకరాల్లో ఉన్న రాంచర్లు 1994లో మాల్పాయ్ బార్డర్‌లాండ్స్ గ్రూప్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ భూమిలో సగానికి పైగా ప్రైవేటుది, మిగతాది ప్రభుత్వాలది. గడ్డిలోకి పొదలు పాకుతున్నాయి, మంట పెట్టనివ్వరు, పక్క రాంచ్‌లు ఇళ్ళస్థలాలుగా విడిపోతాయేమో అన్న దిగులుతో వాళ్ళు మొదట మాట్లాడుకున్నారు. తమని విమర్శించే ప్రకృతి సంరక్షకుల్ని కూడా పిలిచి కూర్చోబెట్టుకోవడం వాళ్ళు చేసిన తెలివైన పని.

వాళ్ళు కనిపెట్టిన పద్ధతికి గ్రాస్ బ్యాంక్ అని పేరు. గడ్డి బ్యాంకు అంటే ఇది: ఆ ప్రాంతంలో 3 లక్షల ఎకరాలకు పైబడిన గ్రే రాంచ్ అనే పెద్ద రాంచ్ ఉంది. కరువొచ్చి గడ్డి తగ్గినప్పుడు చిన్న రాంచర్ తన పశువుల్ని కొన్నాళ్ళు అక్కడికి తోలవచ్చు. ఆ మేత విలువకి బదులుగా, తన భూమిని ఎన్నడూ ఇళ్ళస్థలాలుగా ముక్కలు చెయ్యనని సంఘానికి హక్కుపత్రం రాసిస్తాడు. అతని నేలకి విశ్రాంతి, పశువులకి మేత, ఊరికి భరోసా - ఒక్క ఏర్పాటులో మూడూ కుదిరాయి. ప్రభుత్వ అటవీశాఖతో కలిసి, కంచెల ఎల్లలు పట్టించుకోకుండా, ఎక్కడ ఎప్పుడు మంట పెట్టాలో కూడా పథకం వేసుకున్నారు.

1990లలో కరువు వచ్చినప్పుడు అరుదైన ఒక కప్పజాతి బతికి ఉన్న పశువుల చెరువు ఎండిపోసాగింది. ఆ రాంచ్ కుటుంబం ట్యాంకుతో నీళ్ళు మోసి తెచ్చి ఆ కప్పల్ని బతికించింది. 1996లో వార్నర్ గ్లెన్ అనే రాంచర్ కొండల్లో వేటకుక్కలతో తిరుగుతూ ఎదురుగా జాగ్వార్‌ని చూశాడు. తుపాకీ బదులు కెమెరా తీసి ఫోటోలు తీశాడు. దాన్ని దాచకుండా లోకానికి చూపించాడు. జాగ్వార్ పశువుని చంపితే యజమానికి నష్టపరిహారం ఇచ్చే నిధిని సంఘం పెట్టింది. భయపడనక్కర్లేదని తెలిస్తే మనిషి ఎలా నడుచుకుంటాడో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి?

అదే అరిజోనా మూలలో చిరికావా కొండల కింద ఒక రాంచ్‌లో యజమానులు ఏళ్ళ తరబడి వాగుల్లో వేలాది రాతికట్టలు కట్టించారు. సిమెంటు లేదు, పనివాళ్ళు చేతులతో పేర్చిన రాళ్ళు, మోకాలెత్తు, నడుమెత్తు. మన అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాగులకి అడ్డంగా వేసే రాతికట్టలు చూసినవాళ్ళకి అవి వెంటనే గుర్తుకొస్తాయి. కట్టలు కడితే కింది వాళ్ళకి నీళ్ళు తగ్గుతాయన్న అనుమానం ఎక్కడైనా ఉన్నదే. అమెరికా భూగర్భ పరిశీలన సంస్థ శాస్త్రజ్ఞులు కట్టలున్న వాగునీ, లేని పక్క వాగునీ పోల్చి 2016లో లెక్క చెప్పారు. కట్టలున్నచోట వరద ఉధృతి తగ్గింది, మొత్తం పారిన నీరు 28 శాతం ఎక్కువగా ఉంది. వేగం తగ్గిన నీరు ఒండ్రులో దాగి, నెమ్మదిగా ఊరుతూ ఎక్కువ రోజులు పారింది.

నగరం తన వంతు ఇవ్వాలి

రాంచర్ గడ్డి కాపాడితే లాభం కింద ఉన్న నగరానిది. మరి ఖర్చు అతనొక్కడే భరించాలా? శాన్ ఆంటోనియో ఓటర్లు 2000లో ఈ ప్రశ్నకి మంచి జవాబు ఇచ్చారు. డాలరు కొనుగోలు మీద సెంటులో ఎనిమిదో వంతు అమ్మకం పన్ను వేసుకుని, ఆ డబ్బుతో ఆక్విఫర్‌ని నింపే భూముల్ని కాపాడాలని తీర్మానించారు. 2005, 2010, 2015లలో మళ్ళీ ఓటు వేసి దాన్ని కొనసాగించారు. మొదట భూములే కొన్నారు. తరవాత భూమి రాంచర్ దగ్గరే ఉంచి, దాన్ని ఇళ్ళస్థలాలు చేసే హక్కుని మాత్రం కొన్నారు. రాంచర్ అక్కడే ఉంటాడు, పశువుల్ని మేపుకుంటాడు, పిల్లలకి ఇస్తాడు. ఇలా లక్ష ఎకరాలకు పైగా నేల నిలిచింది. 2020లో ఓటర్లు ఆ పన్నుని బస్సు రవాణా వగైరాలకి మళ్ళించారు. సంరక్షణకి నగరం వేరే నిధులు చూపవలసి వచ్చింది. ఇలాంటి ఓటు చీటీ చివర ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు చాలామంది అధ్యక్షుడి పేరు దగ్గరే ఆగిపోతారు. కాస్త కిందికి కూడా చదవమని మా మనవి.

మనమూ భూస్వాములమే

ఇక మన ఇంటి సంగతి. నాలుగు డబ్బులు చేతికి రాగానే నేల కొనాలనుకోవడం మన రక్తంలో ఉంది. మన సంఘంలోనూ పది ఎకరాలు, ఇరవై ఎకరాలు కొన్న కుటుంబాలు ఉన్నాయి. తప్పేమీ లేదు. కాని ఆ పది ఎకరాలు ఎక్కడినుంచి వచ్చాయో ఆలోచించండి. ఒక పెద్ద రాంచ్ యజమాని పోయాడు, పిల్లలు నగరాల్లో ఉన్నారు, పంపకాల్లో నేలని ముక్కలు చేసి అమ్మారు. ఇప్పుడు ఒక వాగు మీద ఒక గేటుకి బదులు పాతిక గేట్లు. హిల్ కంట్రీ గడ్డికి నేడున్న పెద్ద ముప్పు ఇదేనని అక్కడ పనిచేసేవాళ్ళు అంటారు. ఆ పాతికమందిలో మనమూ ఉన్నాం.

మనవాళ్ళు చేసే పని ఒకటి మా దృష్టికి తరచు వస్తోంది. వ్యవసాయ భూమిగా లెక్కకట్టిస్తే ఆస్తిపన్ను బాగా తగ్గుతుంది. అందుకోసం పది ఎకరాల్లో నాలుగు ఆవుల్నో, పాతిక మేకల్నో వదులుతారు. హిల్ కంట్రీ పలచ నేలలో ఒక్క ఆవుకి ఇరవై, పాతిక ఎకరాలు కావాలి, కరువేడు ఇంకా ఎక్కువ. అంటే పది ఎకరాల్లో ఒక్క ఆవే ఎక్కువ. రెండేళ్ళలో గడ్డి వేళ్ళతో సహా పోతుంది. పన్ను మిగులుతుంది, నేల పోతుంది.

దీనికి చట్టంలోనే దారి ఉంది. 1995లో టెక్సాస్ ఓటర్లు రాజ్యాంగ సవరణ చేసి, అప్పటికే వ్యవసాయ లెక్కలో ఉన్న భూమిని వన్యప్రాణుల కోసం నిర్వహించినా అదే పన్ను లెక్క వర్తించేలా చేశారు. ఆవాసం బాగుచెయ్యడం, మట్టి కోత ఆపడం, హానిచేసే జంతువుల్ని అదుపు చెయ్యడం, నీటి వసతి, ఆహారం, గూళ్ళు, ప్రాణుల లెక్క - ఈ ఏడింటిలో కనీసం మూడు పనులు ఏటా చేసి చూపించాలి. చిన్న ముక్కలకి కౌంటీని బట్టి కనీస విస్తీర్ణం నిబంధనలుంటాయి కనక ముందుగా కౌంటీ అప్రైజల్ ఆఫీసులో కనుక్కోండి. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ జీవశాస్త్రజ్ఞులు పిలిస్తే వచ్చి ఉచితంగా సలహా చెబుతారు.

పశువులే కావాలనుకుంటే పక్కనున్న రాంచర్‌కి మేతకి కౌలుకివ్వండి, కాని సగం మేపి సగం మిగల్చాలని ఒప్పందంలో రాసుకోండి. వాగు ఒడ్డు దాకా లాన్ మూవర్ పోనివ్వకండి. ఒడ్డున గడ్డి దుబ్బులు, వాగులో పడ్డ దుంగలు చూడ్డానికి చిందరవందరగా ఉన్నా వరద వేగాన్ని ఆపేవి అవే. మన చుక్కల జింకల్ని చూసి ముచ్చటపడి మేత వెయ్యకండి. 1932లో వేట కోసం మన దేశంనుంచి టెక్సాస్‌కి తెచ్చిన ఆ చీతల్ జింక కంచెలు దాటి మందలుగా పెరిగి, వాగు ఒడ్ల గడ్డిని పీకి తింటోంది. పుట్టింటి చుట్టమని మొహమాటపడితే నష్టం మనకే.

అన్నిటికంటె ముఖ్యంగా, పక్క గేటు ముసలి రాంచర్ దగ్గరికి వెళ్ళి పలకరించండి. ఏ గట్టు మీద ఏ గడ్డి ఉండేదో, ఏ ఊట ఏ ఏడు ఎండిందో అతనికి తెలిసినంత ఏ ఆఫీసు కాగితంలోనూ ఉండదు. ఈ కథలో ఎక్కడ నేల బాగుపడినా ఒకటే వరస: ముందు నమ్మకం, తరవాత గడ్డి, ఆఖరున నీరు. ఆజ్ఞతో మొదలుపెట్టినచోట గేటు మూసుకుంది. గౌరవంతో అడిగినచోట తెరుచుకుంది. ఆ నీళ్ళు తాగేవాళ్ళలో మన పిల్లలున్నారు కనక, అడగడానికి వెళ్ళేవాళ్ళలో కూడా మనం ఉండాలి.

ఎకరాలున్న సభ్యులు తమ నేలలో ఇలాంటి పని ఏదైనా మొదలుపెట్టి ఉంటే నాలుగు మాటలు రాసి పంపవలసిందిగా కోరుతున్నాము. విత్తనం ఎప్పుడు చల్లారు, ఎంత ఖర్చయింది, మొలిచిందా లేదా అన్నది ఉన్నదున్నట్టు రాయండి. మొలవని కథ కూడా పనికొస్తుంది.